రంగూన్‌లో నన్ను సాగనంపిన తీరు

నేను రంగూన్ వదిలి వచ్చిన రోజున మా బరాకు జనం డప్పులు కొట్టించి, పసుపు చీర కట్టబెట్టి, చేతులనిండా గాజులు తొడిగి, రేవుదాకా ఊరేగింపుగా తీసుకొచ్చారు. మా సేవాసంఘం అధ్యక్షుడు అది చూసి కళ్ళు తుడుచుకున్నాడు. ఆయన ఊరి నడుమ చౌక్తడా పేటలో గుడ్డల వ్యాపారి. కాకినాడ వైపు మనిషి, మంచివాడే, కాని మా బరాకు మెట్లు ఒక్కనాడూ ఎక్కి ఎరగడు. ఎక్కి ఉంటే అది గౌరవం కాదని ఆయనకూ తెలిసేది. ఇన్నాళ్ళకు ఈ సంగతి రాస్తున్నానంటే కోపం చల్లారిందని అనుకోకండి. వయసు మీద పడింది. ఆ ఊరేగింపు గురించి ఎవరైనా మెచ్చుకుంటే నవ్వి ఊరుకునే ఓపిక ఇక లేదు.

నేను అక్కడికి నర్సుగా వెళ్ళాను. చిన్నతనంలోనే భర్త పోయాడు. ఆయన ముఖం కూడా నాకు సరిగా గుర్తులేదు. గాజులు పగలగొట్టి, తెల్లచీర ఇచ్చి, పుట్టింట్లో ఒక మూల కూర్చోబెట్టి బియ్యంలో రాళ్ళు ఏరించేవారు. మా మేనమామ ఇంట్లో అందరితో పోట్లాడి నన్ను విశాఖపట్నం తీసుకెళ్ళి ఆస్పత్రి పని నేర్పించాడు. పురుళ్ళు పోయడం, కట్లు కట్టడం, మశూచికి టీకాలు వేయడం నేర్చుకున్నాను. అవన్నీ నేర్చుకున్నాక మళ్ళీ ఆ మూలకే వెళ్ళి కూర్చోమంటే నావల్ల కాలేదు. అప్పుడే రంగూన్‌లో తెలుగు కూలీల మధ్య ఉచితంగా పనిచేయడానికి ఒక నర్సు కావాలని సంఘంవాళ్ళు అడిగారు. తిండి, గది వాళ్ళిస్తారు. సముద్రం అవతల అయితే మరీ మంచిదనుకుని సరేనన్నాను. సేవాభావంతో వచ్చిందని సభల్లో నా గురించి చెప్పేవారు. నేను ఇంట్లోంచి పారిపోయి వచ్చాను.

మా బరాకు నది ఒడ్డున, బియ్యం మిల్లులకు దగ్గరగా ఒక సందులో ఉండేది. కింద గోదాము, పైన చెక్క గదులు. పగలు పనికిపోయినవాళ్ళ చాపల మీద రాత్రి పనిచేసి వచ్చినవాళ్ళు పడుకునేవారు. అందరూ విశాఖపట్నం, శ్రీకాకుళం, గంజాం వైపు నుంచి ఒకే మేస్త్రీ వెంట ఓడెక్కి వచ్చినవాళ్ళు. బర్మావాళ్ళు వీళ్ళందరినీ కలిపి కొరంగీలు అనేవారు. కొందరు మిల్లులో బస్తాలు మోసేవారు, కొందరు రిక్షాలు లాగేవారు, కొందరు పొద్దున్నే ఏరు దాటి సిరియంలో నూనె కార్ఖానాకు పోయేవారు. కాపురాలున్నవాళ్ళు తక్కువ. వాళ్ళంతా పై అంతస్తులో గోనెపట్టాలు అడ్డం కట్టుకుని ఉండేవారు. నా గది కూడా ఆ వరసలోనే, మెట్ల పక్కన.

పరదేశంలో సేవ చేసి వచ్చినవాళ్ళు రాసిన వ్యాసాలు కొన్ని చదివాను. ఆ జనం చూపిన ప్రేమకు మనసు కరిగిపోయిందని రాస్తారు. నాకు అక్కడ ప్రేమ ఎవరూ చూపించలేదు, నేనూ పంచిపెట్టలేదు. వాళ్ళు మెట్ల మీద ఉమ్మేవారు, నేను తిట్టేదాన్ని. నీళ్ళు కాచి తాగమంటే, బొగ్గులు నువ్వు తెచ్చిత్తావేటి అనేవారు. పురిటి గదిలో కిటికీ తెరిస్తే నా వెనకే వచ్చి మూసేవారు. నేను పంపు దగ్గరికి వెళితే ముండమోపి ఎదురైందని బిందె పక్కన పెట్టి నిలబడేవారు, మళ్ళీ నొప్పులొచ్చినప్పుడు నా తలుపే కొట్టేవారు. నేను వెళ్ళేదాన్ని. వెళ్ళి తిడుతూ పని చేసేదాన్ని. వచ్చిన కొత్తలోనే నాకు టీకాలమ్మ అని పేరు పెట్టారు. మొదట్లో అది వెక్కిరింపు మాత్రమే.

పై అంతస్తుకంతా పెత్తనం మేస్త్రీ తల్లిది. పొట్టి మనిషి, పొగాకు నమిలి నల్లబడ్డ పళ్ళు. ఊళ్ళో ఉన్నప్పుడు అమ్మవారి ఘటం తలకెత్తుకునే మనిషి కావడంతో రంగూన్‌లో కూడా ఆ అధికారం అలాగే నిలబెట్టుకుంది. ఎవరికి జ్వరమొచ్చినా ముందు ఆవిడ చూడాలి, ఆవిడ వేపాకు కట్టాలి, ఆ తరవాతే నేను. కిరసనాయిలు డబ్బా మీద పీఠం వేసి దానిమీద ఇత్తడి ఘటం పెట్టుకుంది. ఆ ఘటానికి పూజ అయ్యేదాకా నేను మందుల పెట్టె తెరవకూడదనేది. నేను కావాలనే తెరిచేదాన్ని.

ఆవిడ చిన్నకోడలు ఒక్కతే ఆ బరాకులో నాకు ఇష్టమైన మనిషి. పదిహేడు పద్దెనిమిదేళ్ళుంటాయి. మొగుడు మిల్లులో బస్తాలు మోస్తాడు. అత్త నిద్రపోయే వేళ చూసి నా గదిలోకి వచ్చి గోడకు ఆనుకుని కూర్చునేది. విశాఖపట్నం ఆస్పత్రిలో దొరసానులు నిజంగా మగవాళ్ళ ఒళ్ళు కూడా కడుగుతారా అని అడిగి, కడుగుతారంటే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. నన్ను అప్పా అని పిలిచేది. వాళ్ళ వైపు అక్కను అలా అంటారు. దానికి పురుడు నేనే పోశాను. బిడ్డ కాళ్ళతో వచ్చాడు. ముసలమ్మ గుమ్మంలో నిలబడి అమ్మవారికి మొక్కుతూనే ఉంది, నేను బిడ్డను తిప్పుతూనే ఉన్నాను. ఇద్దరం ఎవరి పని వాళ్ళం చేశాం. బిడ్డ బతికాడు. అమ్మవారు కాపాడిందని ముసలమ్మ బరాకంతా బెల్లం పంచింది. నాకూ ఒక ముక్క పెట్టింది.

ఏడాది తిరక్కుండా బరాకులో పిల్లలందరికీ టీకాలు వేశాను. బతిమాలి కొందరికి, బెదిరించి కొందరికి, మునిసిపాలిటీ వాళ్ళొచ్చి జరిమానా వేస్తారని అబద్ధం చెప్పి కొందరికి. ఈ ఒక్క బిడ్డకు మాత్రం వేయనివ్వలేదు. పుట్టువెంట్రుకలు అమ్మవారికి ఇచ్చేదాకా మనవడి ఒంటికి ఇనుము తగలకూడదని ముసలమ్మ పట్టుపట్టింది. ఆ వెంట్రుకలు రంగూన్‌లో తీయడానికి లేదు, ఊరు వెళ్ళి గుడి ముందే తీయాలి. ఊరు ఎప్పుడు వెళతారంటే మేస్త్రీకి వీలు చిక్కినప్పుడు. వాడి ఒత్తయిన జుట్టు కళ్ళమీద పడుతుంటే తల్లి చిన్న పిలక వేసేది. వాడిని ఎత్తుకుంటే నా ముక్కు పట్టుకునేవాడు. వాడంటే నాకు ప్రాణంగా ఉండేది. అది వాళ్ళెవరికీ చెప్పలేదు.

ఆ ఎండాకాలం ఓడలో కొత్తగా దిగిన కూలీ ఒకడు మశూచి తెచ్చాడు. పక్క బరాకులో మొదలై మా సందులోకి వచ్చింది. అదే ఓడలో తల్లిదండ్రులతో వచ్చిన ఒక ఆడపిల్లకు నేను టీకా వేశాను. అప్పటికే ఆ పిల్ల ఒంట్లో జబ్బు ఉంది. టీకా పనిచేసే వ్యవధి లేదు. ఆ పిల్ల పోయింది. ముందుగా టీకాలు పడిన మా పిల్లల్లో ఒక్కరికీ మశూచి పొక్కు రాలేదు. ఈ రెండో సంగతి నేను అరిచి చెప్పినా ఎవరికీ పట్టలేదు. మొదటిదే పట్టింది.

ముసలమ్మ నన్ను మెట్ల మీద నిలబెట్టి అందరి ముందూ అడిగింది.

"నువ్వు గీసిన కాడే నీళ్ళపొక్కు లేచినాది. మా కళ్ళు పోనాయేటి? అమ్మోర్ని సంచీలో ఎట్టుకొచ్చినావు. సూదితోటి మా పిల్లల ఒంట్లో కూకోబెట్టినావు. అవునా కాదా?"

టీకా అంటే అదే. చిన్న జబ్బును పిలిచి కూర్చోబెడితే పెద్ద జబ్బు రాదు. ఆ మాటే నిదానంగా, అర్థమయ్యేటట్టు చెప్పాను. అంటే తనే ఒప్పుకుంది కదా అన్నట్టు అందరూ ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఆ తరవాత నేను ఏం చెప్పినా వినేవాళ్ళు లేరు. టీకాలమ్మ అనే పేరు పలకడంలోనే తేడా వచ్చింది. అంతకుముందు నవ్వుతూ అనేవారు. ఇప్పుడు గొంతు తగ్గించి అంటున్నారు.

మేస్త్రీ తెలివైనవాడు. చౌక్తడా వెళ్ళి అధ్యక్షుడి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మా నర్సమ్మ చాలా కష్టపడిపోయింది, బక్కచిక్కిపోయింది, ఇంక ఇంటికి పంపించండి బావూ, మేమే దగ్గరుండి ఘనంగా సాగనంపుతాం అన్నాడు. ఆయన మురిసిపోయి నాకు ఓడ టికెట్టు తెప్పించాడు. ఇదేమిటని నేను వెళ్ళి అడిగితే, "మీకు విశ్రాంతి అవసరమమ్మా, వాళ్ళే ఎంత ప్రేమగా అడిగారో మీకు తెలియదు," అన్నాడు. వాళ్ళు నన్ను వెళ్ళగొడుతున్నారని చెప్పాను. కూలీ జనం అలా ఆలోచించరు, మీరు అలసిపోయి అలా అనుకుంటున్నారు అన్నాడు. ఆ బల్ల మీద ఉన్న సిరాబుడ్డి తీసి ఆయన తెల్లకోటు మీద పోయాలనిపించింది. నమస్కారం పెట్టి వచ్చేశాను.

వెళ్ళగొడితే వెళతాను. ఆ బరాకు మీద నాకేం మోజు లేదు. కాని పక్క గోనెపట్టా అవతల మశూచి ఉండగా ఆ బిడ్డకు టీకా లేకుండా వదిలి వెళ్ళడం నావల్ల కాలేదు. మునిసిపాలిటీ ఆఫీసుకు వెళ్ళి సన్నటి గాజు గొట్టంలో టీకా మందు తెచ్చి తడిగుడ్డలో చుట్టి ఉంచుకున్నాను. ఆ ఎండకు ఎక్కువ నిలవ ఉండే మందు కాదు. తీరా చూస్తే బిడ్డ లేడు. సిరియంలో చుట్టాల ఇంటికి పంపేశామన్నారు. గోనెపట్టా వెనక వాడి దగ్గు నాకు వినబడుతూనే ఉంది.

చివరకు పంపు దగ్గర తల్లి ఒంటరిగా దొరికింది. అంతకుముందు వారం నుంచీ నన్ను చూస్తే తల తిప్పుకుంటోంది.

"అరక్షణం పని. మీ అత్త చూడనక్కర్లేదు. నా గదికి పట్టుకురా," అన్నాను.

"వద్దప్పా."

"పోయిన పిల్లను చూశావు కదా. వాడికి అలా వస్తే ఏం చేస్తావు?"

"సూసినాను. నువ్వు గీసినాకే పోనాది."

"నీకు పురుడు పోసింది నేను. వాడిని చంపేదాన్నయితే ఆ రోజే చంపేదాన్ని కదా."

ఆ మాట అనకూడనిదేమీ కాదు, నిజం. కాని ఆ పిల్ల బిందె అక్కడే వదిలేసి రెండడుగులు వెనక్కి వేసింది. దాని ముఖంలో నాకు కనబడింది భయం. అంతవరకు మిగతావాళ్ళ ముఖాల్లో చూశాను గాని దాని ముఖంలో చూస్తాననుకోలేదు. చెంప పగలగొడదామనిపించింది, కావలించుకుని ఏడుద్దామనీ అనిపించింది. ఏదీ చేయకుండా వాళ్ళ బిందె నింపి మెట్ల మీద పెట్టి పోయాను.

ఓడ బయలుదేరే రోజు పొద్దున్నే డప్పులు వినబడ్డాయి. తలుపు తెరిస్తే ఆడవాళ్ళంతా తలస్నానాలు చేసి, జుట్లు విరబోసుకుని నిలబడి ఉన్నారు. నన్ను పీట మీద కూర్చోబెట్టి పసుపు నీళ్ళతో కాళ్ళు కడిగారు. తెల్లచీర మీదే పసుపు చీర చుట్టారు. నుదుట ఇంత కుంకుమ పెట్టారు. ఇదంతా ఏమిటని అడుగుతూనే ఉన్నాను. మేస్త్రీ భార్య నా చేయి పట్టుకుని ఆకుపచ్చ గాజులు ఒక్కొక్కటే ఎక్కించడం మొదలుపెట్టింది.

అప్పుడు గుమ్మం పక్కన చేట కనబడింది. అందులో చద్దన్నం, పెరుగు, ఉల్లిపాయ, బెల్లం, వేపమండలు. దాని పక్కన కాళ్ళు కట్టిన నల్లకోడి. చిన్నప్పుడు మా అమ్మమ్మగారి ఊళ్ళో చూశాను ఇది. ఊళ్ళో మశూచి తగ్గుముఖం పట్టగానే అమ్మవారికి చీర, గాజులు, పసుపు, కుంకుమ ఇచ్చి, చద్ది కట్టి, డప్పులతో పొలిమేర దాటిస్తారు. పిల్లలందరినీ ఒకసారి చూపించి, చల్లగా చూసి వెళ్ళిపో తల్లీ, మళ్ళీ రాకు అంటారు. దాటించాక ఎవరూ వెనక్కి తిరిగి చూడరు. చూస్తే మళ్ళీ వెంట వస్తుందని భయం.

ఆ గాజులు చేతికెక్కుతుంటే నాకు ఏడుపొచ్చింది. పద్నాలుగేళ్ళ వయసులో నా గాజులు పగిలాయి. ఆ తరవాత ఎవరి చేతుల గాజుల చప్పుడు విన్నా లోపల ఎక్కడో కలుక్కుమనేది. పంపు దగ్గర నన్ను చూసి బిందె పక్కన పెట్టిన ఆడవాళ్ళే ఇప్పుడు నాకు గాజులు తొడుగుతున్నారు, ఎందుకంటే వాళ్ళ లెక్కలో నేను ఆడదాన్నే కాను, రోగాన్ని. లాగేసి నేలకు కొట్టాలనుకున్నాను. మేస్త్రీ భార్య వేళ్ళు వణుకుతున్నాయి. నన్ను ముట్టుకోవడానికి అంత భయపడుతూ కూడా ముట్టుకుంటోంది. నేను చేయి అలాగే ఉంచాను.

సందు మొగలో అధ్యక్షుడు గుర్రబ్బండిలో సిద్ధంగా ఉన్నాడు. సంఘం పేరు చెప్పి రేవులోకి డప్పులు రానివ్వడానికి పోలీసుల దగ్గర అనుమతి కూడా తెచ్చాడు. నన్ను చూసి కళ్ళు తుడుచుకున్నాడు.

"వితంతువుకు పసుపు కుంకుమలు ఇచ్చారమ్మా. చదువుకున్న మనం ఉపన్యాసాలతో సరిపెట్టుకుంటున్నాం. చదువురాని వీళ్ళు చేసి చూపించారు. ఎంత సంస్కారం," అన్నాడు.

"కోడిని కూడా చూడండి," అన్నాను.

"చూశాను, చూశాను. దారిలో కూరకు కాబోలు. పాపం, ఎంత ప్రేమ."

ఆయనకు చెప్పడం దండగ. నడిచాను. ముందు డప్పులు, వెనక చేట నెత్తిన పెట్టుకుని ముసలమ్మ, ఆ వెనక ఆడవాళ్ళు నేను నడిచిన దారిని వేపమండలతో ఊడ్చుకుంటూ వస్తున్నారు. నా అడుగు కూడా అక్కడ మిగలకూడదని. రోడ్డు పక్కన మొహింగా, అదే వాళ్ళ చేపల పులుసు సేమ్యా, అమ్ముకునే బర్మా ఆవిడ లేచి నిలబడి చూసింది. పెళ్ళికూతురు అనుకుందేమో, నవ్వి చేయి ఊపింది. ఆ ఊళ్ళో ఆ రోజు నా వైపు చూసి నవ్వింది ఆవిడొక్కతే.

రేవులో ఓడ ఆగి ఉంది. నీళ్ళ అంచున ముసలమ్మ చేట దింపింది. అక్కడికి పొలిమేర వచ్చినట్టు. తల్లులు ఒక్కొక్కరే పిల్లల్ని ఎత్తుకుని నా ముందుకు వచ్చి నిలబడి, తల వంచి, పక్కకు తప్పుకుంటున్నారు. నేను టీకాలు వేసిన పిల్లలే. దండచేతుల మీద టీకా మచ్చలు కనబడుతున్నాయి. ఆ వరస చివర చిన్నకోడలు వచ్చింది. దాచిన బిడ్డను తేక తప్పలేదు. అమ్మవారి చూపు పడని బిడ్డ ఉంటే సాగనంపడం పూర్తికాదు. వాడు నన్ను గుర్తుపట్టి నా ముక్కుకోసం చేయి చాపాడు. తల్లి గబుక్కున వెనక్కి లాక్కుంది.

ముసలమ్మ చేతులు జోడించి, ఆ తంతులో అడగవలసిన మాట అడిగింది.

"తల్లీ, నీకేటి తక్కువ సేసినాం? ఏటి కావాలో అడిగీసి సల్లగా ఎల్లిపో."

దీనికి జవాబు ఉండదు. ఒక్కోచోట పూనకం వచ్చినవాళ్ళు కోడినో చీరనో అడుగుతారు, లేకపోతే డప్పులు మోగించి ముగించేస్తారు. ముసలమ్మ డప్పులవాళ్ళ వైపు తల తిప్పింది కూడా. అంతవరకు నాకు ఏ ఆలోచనా లేదు, కోపం తప్ప. ఆ కోపమే నా నోట్లోంచి మాట్లాడింది. పూనకం నటించలేదు. ఊగలేదు, అరవలేదు. నా గొంతుతోనే, వాళ్ళ మాటలో అన్నాను.

"ఈ గుంటడి దండ మీద నా గురుతు ఎట్టాల. ఎట్టకుండా ఈ ఏరు దాటను."

డప్పు మీద వేయబోయిన దెబ్బ అలాగే ఆగిపోయింది. ఎవరో ఓలమ్మా అన్నారు. ముసలమ్మ నా దగ్గరికి వచ్చింది. నా చెవికి మాత్రమే వినబడేటట్టు, పళ్ళ మధ్య నుంచి అంది.

"నువ్వు అమ్మోరివి కాదు. నాకు తెల్సు."

"మరి ఇదంతా ఎవరికి చేశావు?" అన్నాను.

ఆవిడ నా కళ్ళలోకి చూస్తూ నిలబడింది. నేనూ చూశాను. ఆ చూపులో ఉన్న ద్వేషం ఇద్దరిదీ సమానం. నేను అమ్మవారిని కానని ఆవిడ అందరి ముందూ అంటే, జబ్బు దాటలేదన్నమాట. ఈ చీర, ఈ చద్ది, ఈ డప్పులు వట్టివే అన్నమాట. ఆవిడ వెనక నిలబడ్డ తల్లులందరూ ఆవిడ నోటికేసే చూస్తున్నారు. ఆవిడ పొగాకు పక్కకు ఉమ్మి, కోడలి వైపు తిరిగింది.

"ఇయ్యి గుంటడ్ని."

"అత్తా, వద్దత్తా," అంది ఆ పిల్ల. "ఎంటికలు తియ్యనేదు. ఒంటికి ఇనుం తగలకూడదని నువ్వే కదా అన్నావు."

"ఇయ్యి అంతన్నాను."

దాని చేతులు విడిపించడానికి మేస్త్రీ భార్య కూడా సాయం రావలసివచ్చింది. బిడ్డను ముసలమ్మే తెచ్చి నా ఒళ్ళో వేసింది. నేను నా ట్రంకుపెట్టె మీద కూర్చుని సంచీ విప్పి తడిగుడ్డలో చుట్టిన గొట్టం తీశాను. దండ కడిగి తుడిచాను. గొట్టం విరిచి మందు చుక్క వేసి సూదితో గీశాను. వాడు ఊపిరి బిగబట్టి ఏడ్చాడు. చేతికి కొత్తగా వచ్చిన గాజులు గలగలమంటుంటే, ఏడుస్తూ ఏడుస్తూనే వాటికేసి చూశాడు. మందు ఆరేదాకా వాడిని అలాగే పట్టుకుని ఊదుతూ కూర్చున్నాను. అధ్యక్షుడు బండి దిగి వచ్చి ఏం జరుగుతోందమ్మా అని అడిగాడు. ఆశీర్వదిస్తున్నానన్నాను. ఆయన మళ్ళీ కళ్ళు తుడుచుకున్నాడు.

నేను నెగ్గాను. నెగ్గినట్టు ఎంతమాత్రం అనిపించలేదు. ఇన్నాళ్ళూ జబ్బు వేరు, దేవత వేరు అని మెట్ల మీద గొంతు చించుకున్న మనిషిని, ఆ దేవతనై కూర్చుని ఆ సూది గుచ్చాను. ఇక ఆ బరాకులో నా తరవాత వచ్చే నర్సు ఎంత చెప్పినా ఎవరూ వినరని అప్పుడే తెలుసు. తెలిసే చేశాను. మళ్ళీ ఆ పరిస్థితే వస్తే మళ్ళీ చేస్తాను.

బిడ్డను తల్లికి నేనే అందించాను. ఆరేదాకా గుడ్డ తగలనీయకు, పొక్కు లేస్తే గోకనీయకు, జ్వరం వస్తే భయపడకు, అది మంచికే అని చెప్పాను. ఆ పిల్ల ఒక్క ముక్క కూడా విన్నట్టు లేదు. బిడ్డ దండకేసి చూసింది, నాకేసి చూసింది. ఈసారి వెనక్కి వెళ్ళలేదు. అంత మందిలో నాకు ఎదురుగా నిలబడి మాట్లాడగలిగింది అదొక్కతే.

"అడిగింది ఇచ్చినాం," అంది. "ఇంక మా గుంటడ్ని ఒగ్గీ తల్లీ. మల్లీ రానని సెప్పు."

నన్ను తల్లీ అంది. ఆ మాట అమ్మవారిని అనే తల్లి అని నాకు అర్థమైంది. నేను నీ అప్పనే, ఇటు చూడు అని అనవలసిన మాట నా నోటిదాకా వచ్చింది. అంటే ఆ గీత వట్టి గీత అయిపోతుంది. నీళ్ళ అంచున కూర్చోబెట్టి బిడ్డ దండ తోమి తోమి కడిగేస్తారు.

"రాను," అన్నాను.

"ఇంకోపాలి సెప్పు."

"రాను. ఎప్పటికీ రాను."

అది చేతులెత్తి దణ్ణం పెట్టింది. ముసలమ్మ నీళ్ళలోకి చద్ది విసిరింది. డప్పులు ఒక్కసారిగా మోగాయి. నేను మెట్లెక్కి ఓడ అంచున నిలబడేసరికి, వాళ్ళంతా తిరిగిపోయి బరాకు వైపు నడుస్తున్నారు. విరబోసిన జుట్లు, వీపులు, వేపమండలు. ఒక్కరూ తల తిప్పలేదు. చిన్నకోడలు అందరికన్నా ముందు, దాదాపు పరుగెత్తుతోంది. దాని భుజం మీద గడ్డం ఆనించి బిడ్డ మాత్రం ఇటే చూస్తున్నాడు. కనబడినంత దూరం నన్నే చూశాడు. వెనక్కి చూడకూడదని వాడికి ఇంకా ఎవరూ నేర్పలేదు.